పుక్కిలించిన కారు

మొన్న గురువారం ఉప్పల్ పెట్రోల్ బంకుల నా తెలివి ఎంతుందో పదిమంది కండ్లార చూసిన్రు. ఎట్లైనా మీ చెవిన పడుతది, వాళ్లైతే ఇంకింత కలిపి చెప్తరు. అందుకే నేనే చెప్తున్న.

నాచారం ఫ్యాక్టరీల మిషన్లు చూసుకునేటోన్ని. కారు రిపేరు మాత్రం నాకు నేనే నేర్చుకున్న. మా గల్లీల మొదటి కారు మాదే. సెకండ్ హ్యాండుది, కొని నెల గాలె. ఆ రోజు పదింటికి చెంగిచెర్ల చర్చిల పెండ్లి. ఆ పెండ్లి చెయ్యనీకే బస్సుకు పోతున్న పాస్టరు అయ్యగారిని ఆపి, నా కారుండంగ బస్సేందని ఎక్కించుకున్న. ముందు నా భార్య సుగుణ, వెనక తెల్ల అంగీల అయ్యగారు. ట్యాంకు ఖాళీ.

బంకుల పనిచేసే యాదగిరి పైపు పెట్టిండు. చెంచాడు లోపలికి పోతుంది, గ్లాసెడు బయటికి కక్కుతుంది. పావుగంటైనా సీసెడు పోలే. వెనక స్కూటర్లోళ్లు హారన్లు కొడుతున్నరు.

"అన్నా, నీ కారు తాగుతలేదు. పుక్కిలిస్తుంది," అన్నడు యాదగిరి.

నాకు పౌరుషమొచ్చింది. నీ పంపే ఖరాబైందన్న. పక్క స్కూటర్ల పోసి చూపించిండు, అది గటగట తాగింది. అయితే నేల వాలుగున్నదన్న. కారును తిప్పి నిలబెట్టినం, అయ్యగారు గూడ అంగీ ఎగగట్టి నూకిన్రు. మళ్ల కక్కింది. గాలి పట్టిందేమో, ఊపుదమన్న. ముగ్గురం ఉయ్యాల ఊపినట్టు ఊపితే పెట్రోలు చింది అయ్యగారి అంగీ తడిసింది. తొమ్మిదిన్నరైంది. పెండ్లిపిల్లగాడు సూటేసుకొని ఎండల నిలబడి ఉంటడని అయ్యగారు మెల్లగ గుర్తు చేసిన్రు.

యాదగిరికి ఓపిక అయిపోయింది. పెట్రోలు లోపలికి పోవాల్నంటే లోపలి గాలి బయటికి రావాలె గద అనుకుంట కారు కిందికి దూరిండు. గాలిపైపు మూతిలకెళ్లి పుల్లతోని గులాబిరంగు ముద్ద గీకి తెచ్చిండు.

"ఎవడో మస్తు తెలివిగల్లోడన్నా. గాలి పోయే పైపుకు సబ్బు పెట్టిండు."

నా కండ్ల ముందు మంగళవారం తిరిగింది. పెట్రోలు వాసనొస్తుందని నేనే కారు కిందికి దూరిన. సన్న పైపొకటి నోరు తెరుచుకొని ఉంది. లీకు దొరికిందని మురిసి, లీకులకు మెకానిక్కులు పెట్టినట్టే సబ్బు పెట్టి మూసేసిన.

"పాత ఓనరు పనే," అన్న వెంటనే.

సుగుణ ఆ ముద్దను వాసన చూసింది. కొత్త సబ్బు ఏమైందని రెండు రోజుల సంది ఇల్లంత వెతుకుతుంది పాపం.

"పాత ఓనరు మన తానాల గదిలకు గూడ వచ్చిండా?"

బంకంత నవ్వింది. అయ్యగారు దగ్గినట్టు చేసిన్రు.

ట్యాంకు రెండు నిమిషాలల్ల నిండింది. పెండ్లి పావుగంట లేటుగ అయింది. అయ్యగారు దీవించెటందుకు లేవంగనే, పెట్రోలు వాసనకు ఎవరో కొవ్వొత్తులు దూరం జరిపిన్రు.

ఇంటికొచ్చినంక చేతులు కడుక్కుందమని సుగుణను సబ్బడిగిన.

"కారునడుగు," అన్నది.