మల్లవ్వ గుర్తుపట్టని ముఖం

మొన్న నల్లగొండలో కంటి దవాఖానకు వెళ్లాను. నర్సు నా కళ్లలో చుక్కలు వేసి, అరగంట దాకా తెరవొద్దని చెప్పి ఒక బల్ల మీద కూర్చోబెట్టింది. బయట వాన పడుతోంది. కాసేపటికి ఎవరో వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆడమనిషో మగమనిషో తెలియలేదు గాని, తడిసిన గొంగడి వాసన గుప్పున తగిలింది. గొర్రె ఉన్ని, వాననీళ్లు, కట్టెల పొగ కలిసిన వాసన. మూసుకున్న కళ్ల వెనుక మల్లవ్వ వచ్చి నిలబడింది. ఎండకు కమిలిన బుగ్గలు, ముక్కు పక్కన పుట్టుమచ్చ, ఎదుటివాళ్లు తల దించుకునేదాకా రెప్ప వేయని చూపు. ఆమె పోయి నలభై ఏళ్లు దాటింది. మా ఊళ్లో ఆ పాతరోజుల్లో ఆమెను చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాననుకుంటాను. అందుకే రాస్తున్నాను.

తిరుమలగిరికి నాలుగు కోసుల దూరంలో మా ఊరు. మల్లవ్వది మా గోడ ఆవలి ఇల్లు. గొర్రెలు కాసే కురుమల ఆడబిడ్డ. భర్త చిన్న వయసులోనే పోతే మందను తానే మేపుకునేది. సాయంత్రం గొర్రెలు దొడ్డిలోకి వస్తుంటే వాకిట్లో నిలబడి ఊరికే చూసేది. వేళ్లు మడిచేది కాదు, పెదవులు కదిపేది కాదు. చివరి గొర్రె లోపలికి పోగానే, ‘నల్లచెవులది రాలే, దాని పిల్ల గూడ రాలే’ అని కర్ర పట్టుకొని బయలుదేరేది. లెక్కపెట్టకుండా ఎట్లా తెలిసిందని ఒకసారి అడిగాను. ఆమెకు నా ప్రశ్నే విచిత్రంగా అనిపించింది.

“పొద్దుగూకి ఇంటికి పోతవు. మీ అమ్మ ఇంట్ల లేదనుకో. లెక్కపెట్టి తెలుసుకుంటవా బిడ్డా?” అంది.

అన్నీ గుర్తుండేవని కాదు. పేర్లు ఆమెకు అసలు నిలిచేవి కావు. నా పేరు యాదమ్మ. రోజూ చూసే నన్నే ఒకనాడు లచ్చమ్మ అనేది, ఒకనాడు ఎల్లమ్మ అనేది. వారాలు, పండుగలు ఎవరో ఒకరు చెప్పాలి. కాని ఒక్కసారి చూసిన ముఖం మాత్రం చెక్కుచెదరకుండా ఉండిపోయేది. నాలుగేళ్లకు మళ్లీ వచ్చిన గాజులాయనతో, పోయినసారి నీ ఎడమ చెవి కొస చినిగి ఉండె, మానిందా అని అడిగితే ఆయన గాజుల మలారం దించడం మరిచిపోయి చెవి తడుముకున్నాడు.

ఈ చూపే ఆమెకు మా ఊరి దొరతో వైరం తెచ్చింది. దొర మనుషులు ఒకసారి ఆమె మందలోంచి ఒక ఆడ గొర్రెపిల్లను, ఇంకా పాలు విడవని దాన్ని, తోలుకుపోయారు. రెండేళ్ల తరువాత వాగు దగ్గర దొర మందలో ఒక గొర్రెను చూసి, ఇది నాదే అని దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి ముందు కూర్చుంది. దొర నవ్వాడు. పిల్లప్పటి ముఖం పెద్దయితే ఉంటదా అన్నాడు. కుడి వెనుక కాలు లోపలి పక్కన బొటనవేలి గోరంత తెల్ల మచ్చ ఉంటుంది, చూడండి అంది మల్లవ్వ. ఊరంతా చూస్తుండగా కాలు ఎత్తి చూశారు. మచ్చ ఉంది. దొర గొర్రెను ఇప్పించి లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజును మల్లవ్వ ఎంత గుర్తుపెట్టుకుందో, దొర అంతకంటే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాడు.

తరువాత ఊళ్లో దొరకు ఎదురుతిరిగి సంఘం పుట్టింది. దొర పట్నం పారిపోయాడు. ఆయన బీళ్లు దున్నుకోవడానికి పంచారు. మాకూ ఒక చెలక వచ్చింది. మా బాపు నర్సయ్య రెండు పంటలు తీసి, మూడో పంట నాటికి దళంతో అడవిలోకి పోయాడు. పోలీసు చర్య అయిపోయింది, ఇక మంచిరోజులని జనం అనుకుంటుండగానే దొర తిరిగి వచ్చాడు. ఆయన వెనుకే సైన్యం లారీలు వచ్చాయి. గడిలో క్యాంపు పడింది. ఊళ్లో మగవాళ్లు గుట్టలు పట్టారు. మా అమ్మ అప్పటికి కాన్పు కోసం నకిరేకల్ పక్కన తల్లిగారింటికి పోయి, దారులు మూసేయడంతో అక్కడే చిక్కుకుంది. నేను మల్లవ్వ ఇంట్లో ఉన్నాను. నాకు పదేళ్లు.

ఒకనాటి పొద్దున, గడికి నీళ్లు మోసే ఆమె వచ్చి చెప్పింది. గుట్టల్లో అయిదుగురిని పట్టుకొచ్చారట, అందులో మా బాపు ఉన్నాడట. మక్తల్ దిక్కు గొర్రెలకాపరిని, మేత కోసం వచ్చి తుపాకుల చప్పుళ్లకు మందను పోగొట్టుకున్నానని చెప్తున్నాడట. క్యాంపువాళ్లకు అనుమానం తీరక, ఊరి ఆడవాళ్లను, పిల్లలను అందరినీ పిలిపించి గుర్తుపట్టించబోతున్నారట. దొర ఎదురుగానే కూర్చున్నాడని కూడా చెప్పింది. ఆయన పోల్చలేదా అని ఎవరో అడిగితే మల్లవ్వ అంది: “తలకాయ వంచి నిలబడ్డోని రుమాలు తప్ప దొర ఏం జూసిండు? ఒక్కనాడన్న ముఖం జూసి మాట్లాడిండా?”

అది నిజం. బాపు ముప్పై ఏళ్లు ఆ దొర ముందు నిలబడ్డాడు. దొర ఆయన ముఖాన్ని ఎన్నడూ చూడలేదు.

గడికి పోయే దారిలో నాకు ఏడుపు ఆగలేదు. బాపును చూస్తే నా ముఖమే చెప్పేస్తుందని నాకు తెలుసు. పది నెలలైంది ఆయనను చూసి. మల్లవ్వ నన్ను రేగుచెట్టు పక్కకు తీసుకుపోయి, గడ్డం పట్టుకొని తన వైపు తిప్పుకుంది.

“ఇను బిడ్డా. ముఖం మొత్తం జూస్తే మనిషి కనబడ్తడు. మనిషి కనబడితే నీ లోపల కదుల్తది. నువ్వు మొత్తం జూడకు. ఒక్క చెవే చూడు. అది ఎట్ల వంగింది, ఎక్కడ ముడత వడ్డది, గదే చూడు. వట్టి చెవి ఎవ్వలది గాదు.”

ఎవరినైనా గుర్తుపట్టడం ఆమెకు శ్వాస తీసుకున్నంత సులువు. గుర్తుపట్టకుండా ఉండడం కూడా ఆమె ఎప్పుడో, ఎందుకో నేర్చుకుని ఉంటుంది. ఎందుకని నేను తరువాత కూడా అడగలేకపోయాను. ఆ దారంతా నా చేత తన చెవినే చూపించి చెప్పించింది. అంచున మడత, కింద రంధ్రం, రంధ్రంలో వేపపుల్ల. కొంతసేపటికి నిజంగానే అది మల్లవ్వ చెవి కాకుండా పోయింది. ఒక ఆకులాగో గవ్వలాగో కనిపించింది.

గడి ముంగిట అయిదుగురినీ ఎండలో వరుసగా నిలబెట్టారు. కుర్చీలో ఆఫీసరు, పక్క కుర్చీలో దొర. ఆఫీసరు మాటలను తెలుగులో చెప్పడానికి మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ఒక గుమాస్తా ఉన్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వరుస ముందు నుంచి నడిచి, ఎరుక లేదని చెప్పి అవతలికి పోయారు. నా వంతు వచ్చింది. నేను అయిదు చెవులు చూశాను. మూడో చెవి కింద ఎండిన నెత్తురు ఉంది. అంచు మీద చిన్న గాటు ఉంది. మడత లోపల దుమ్ము ఉంది. దుమ్మునే చూశాను. గుమాస్తా అడిగితే ఎవ్వలు లేరన్నాను. నా గొంతు నాకే వేరే పిల్ల గొంతులా వినిపించింది.

నా వెనుక మల్లవ్వ. ఆమెను చూడగానే దొర లేచి నిలబడ్డాడు. ఈ ముసల్ది రెండేళ్ల తరువాత గొర్రెపిల్లను గుర్తుపట్టిన మనిషి, మిగతావాళ్లు అబద్ధమాడినా ఇది తన చూపును తక్కువ చేసి చెప్పుకోదు అని ఆఫీసరుకు చెప్పాడు. ఆయన మనుషులను అంతమాత్రం చదివాడు. ఊళ్లో మల్లవ్వకు భూమి లేదు, బిడ్డలు లేరు. ఉన్నదల్లా ఆ పేరే.

మల్లవ్వ దొర గొంతు వచ్చిన దిక్కుకు ముఖం తిప్పింది, కాని ఆయనకు ఒక జానెడు పక్కకు.

“గప్పుడు కండ్లుండె దొరా. గిప్పుడు పొర కమ్మింది. నువ్వు గూసున్న జాగ నీ గొంతును వట్టి చెప్తున్న,” అంది.

ఆఫీసరు నోట్లోని సిగరెట్టు తీసి, మండే కొసను ఆమె కంటికి వేలెడు దూరం దాకా తెచ్చాడు. ఆమె రెప్ప వేయలేదు. కంట్లో నీళ్లు ఊరి బుగ్గ మీదికి కారాయి, అంతే. గుమాస్తా ముఖం అటు తిప్పుకున్నాడు. దొర మాత్రం వదల్లేదు. కండ్లు లేకుంటే లేకపాయె, కురుమలకు కురుమలు తెలుస్తరు గద, వీడు నిజంగా గొర్రెలోడేనా అడగమన్నాడు. ఆమెను బాపు ముందుకు తోశారు. ఆమె తడుముకుంటూ ఆయన చేతులు పట్టుకుంది. మందకు గాలికుంటు రోగం వస్తే ఏం చేస్తవు అని అడిగింది. మా బాపు రైతు. ఏనాడూ మంద కాయలేదు. కాని మా రెండిళ్ల మధ్య గోడ మొలెత్తు కూడా ఉండదు. ఉడుకు ఇసుకల నడిపిస్త, గిట్టలకు యాపనూనె రాస్త అన్నాడు. నూనెలో ఏ దినుసు ఎంత కలపాలో కూడా చెప్పాడు. ఏళ్ల తరబడి గోడ అవతల మల్లవ్వ చెప్తుంటే విన్న మాటలే అవి. ఆమె చేతులు వదిలేసి, గొర్రెలోడే అంది. బాపు మాటల్లో మక్తల్ యాస లేదని గుమాస్తాకు తెలిసే ఉంటుంది, కాని విన్నది విన్నట్టే ఆఫీసరుకు చెప్పాడు.

ఇద్దరిని నల్లగొండ జైలుకు పంపారు. బాపును, మరో ఇద్దరిని పది రోజులు కొట్టి వదిలేశారు. క్యాంపు ఎత్తేసేదాకా బాపు ఊరికి రాలేదు; ఆ దెబ్బలకు విరిగిన కాలు ఈడ్చుకుంటూనే ఇంకా చాలా కాలం బతికాడు.

మల్లవ్వకు మాత్రం ఆ పది రోజులతో తీరలేదు. ఒకసారి గుడ్డిదాన్నని చెప్పాక, క్యాంపు ఉన్నన్నాళ్లూ ఆమె గుడ్డిదిగానే ఉండాలి. దాదాపు రెండేళ్లు ఉంది. కర్ర కొస నేను పట్టుకొని నడిపించేదాన్ని. దొరకు అనుమానం పోలేదు. ఆయన మనుషులు ఆమె కళ్ల ముందే దొడ్డిలోంచి పొట్టేలును విప్పి తోలుకుపోయారు. ఆమె తన చేతులతో పాలు తాపి పెంచిన పొట్టేలు. అది వెనక్కి తిరిగి అరిచింది. మల్లవ్వ వేరే దిక్కు చూస్తూ, ఏదో అరుస్తాంది జూడు బిడ్డా అని నాతో అంది. గుడ్డి మల్లవ్వ అని ఊళ్లో పిల్లలు పాటలు కట్టారు. ఆమె నవ్వేది. ఇంట్లోకి వచ్చి తలుపు మూశాక ఒకసారి అంది: “ఒక్క మాటంటే పొట్టేలొస్తది. మీ బాపు పోతడు.” మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

గుడ్డిదని నమ్మడం వల్ల క్యాంపువాళ్లు ఆమె ముందు దాపరికం మానేశారు. ఒక మధ్యాహ్నం గడి వెనుక తుమ్మచెట్ల దగ్గర మేము గొర్రెలతో ఉన్నాం. ముగ్గురు యువకులను చేతులు కట్టి తీసుకొచ్చారు. ముసల్దుందని ఒకడన్నాడు, దానికి కండ్లు లేవని ఇంకొకడన్నాడు. మల్లవ్వ నా తలను తన గొంగడిలోకి అదుముకుంది. తుపాకుల మోత విన్నాను. చూడలేదు. ఆమె చూసింది. ముగ్గురినీ అక్కడే వరుసగా పూడ్చారు. వాళ్లెవరో, ఏ ఊరివాళ్లో ఎవరికీ తెలియదు. పేరు తెలియనివాళ్లని క్యాంపులో రాసుకున్నారని గుమాస్తా తరువాత చెప్పాడు.

క్యాంపు ఎత్తేసిన రోజున మల్లవ్వ కర్రను పొయ్యిలో పెట్టి గంజి కాచింది. వాగు దగ్గరికి నేరుగా నడిచిపోయి, దొర మందలోకి జొరబడి తన పొట్టేలును కొమ్ములు పట్టి తోలుకొచ్చింది. దొర మనుషులు చూస్తూ నిలబడ్డారు. ఒక్కరూ అడ్డం రాలేదు.

ఆ తరువాత తల్లులు రావడం మొదలైంది. కొడుకులు కనబడకుండా పోయిన తల్లులు ఊరూరా తిరుగుతూ మా ఊరికీ వచ్చేవాళ్లు. మల్లవ్వ వాళ్లను కూర్చోబెట్టి, కళ్లు మూసుకొని ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ నడిచేది. కుడి నుంచి మొదటోనికి నెత్తి మీద రెండు సుడులు, కింది పంటి మీద పన్ను. ఆ మాట వినగానే మక్తల్ నుంచి నడిచొచ్చిన ఒక తల్లి, ఆ పన్ను వానిదే అని మల్లవ్వ చేతిని రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు వదల్లేదు. ఎడమ చివరివానికి ఒక అన్న వచ్చాడు. నడుమనున్న వానికి ఎవరూ రాలేదు.

ఆ ముఖాన్ని మల్లవ్వ నాకు అప్పజెప్పింది. రోజూ చెప్పేది, నా చేత చెప్పించేది. ఒకసారి నేను మంచిగున్నడు అని కలిపితే కోపగించుకుంది. “మంచిగున్నడన్నది నీ మాట. వాని ముఖం గాదు. నీది ఏదీ కలుపకు,” అంది. నేను తరువాత బడిపంతులమ్మనయ్యాను. జ్ఞాపకం పటంలా దాచుకునేది కాదని, తలచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా అల్లుతుందని చదివాను. చదువు రాని మల్లవ్వకు ఆ ప్రమాదం తెలుసు. అందుకే దారం పోగు కూడా మార్చనిచ్చేది కాదు. అవసాన దశలో నా పేరు పూర్తిగా మరిచిపోయింది. నన్ను చూసి, నువ్వు చెవులు జూసిన పిల్లవు గద అంది. తరువాత ఆ నడుమ మనిషి సంగతి చెప్పమంది. చెప్పాను. తప్పు లేదంది.

ఇప్పుడు నాకూ పేర్లు జారిపోతున్నాయి. ఆ ముఖాన్ని మాత్రం పొద్దున లేవగానే ఒకసారి చెప్పుకుంటాను. నేను చూడని ముఖం. కాగితంలో అతనికి పేరు లేదని రాసుకున్నారు. రాసుకోనీ. అతనికి ఎడమ కనుబొమ్మ నడుమ తెగిన గీత ఉంది, అక్కడ వెంట్రుకలు మొలవలేదు. పై పెదవి కింది పెదవికంటే మందం. గడ్డం మీద నొక్కు. మెడకు కుడి పక్కన చింతగింజంత మచ్చ. పొడుగు మనిషి, ఎడమ భుజం కొంచెం దిగి ఉంటుంది. ఎదురుగా తుపాకులు ఉన్నా తల దించలేదు. మీ ఇంట్లోంచి అట్లాంటి మనిషి ఎవరైనా పోయి తిరిగి రాకపోతే, అతను మా ఊళ్లో ఉన్నాడు. తుమ్మల దగ్గర, నడుమన.