నాయనమ్మ ఇచ్చిన ఎర్ర పీలిక

నా చిన్నప్పుడు నా ధ్యాస కాసేపు ఒక్కచోట నిలిస్తే మా ఇంట్లో పండగే. కరోనా వచ్చి బడులు మూసేసిన రోజులవి. సూరత్‌లో, నవాగామ్‌లో మేముండే గదిలో, నాన్న ఫోన్లోనే నా క్లాసు. టీచర్ లెక్క చెబుతుంటే నేను మెట్ల మీది పిల్లిని చూసేదాన్ని. ఇటు తిరిగేసరికి లెక్క అయిపోయేది. "ఏంది పిల్లా, నీ పానం ఏడ తిరుగుతుంది?" అని అమ్మ తల పట్టుకునేది.

కింద షెడ్డులో నాన్న అద్దెకు నడిపే సాంచెలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నెలల తరబడి ఆగిపోయి ఉన్నాయి. చివరికి లాక్‌డౌన్ సడలించి నడుపుకోమన్నారు. నాన్నకు నూలిచ్చి బట్ట నేయించుకునే సేఠ్ నూలు పంపించి, మర్నాటికల్లా సాంచె ఆడకపోతే దగ్గర్లోని పల్సానాలో ఇంకొకరికి ఆ పని ఇచ్చేస్తానన్నాడు. అదీ పోతే మేం ఊరికి వెళ్లిపోవడమే, ఇక నా చదువు సాగదని నాకు తెలుసు. కొత్త నూలు పోగుల్ని మగ్గం మీది పాత పోగులకు ఒక్కొక్కటిగా మెలితిప్పి అతకాలి. ఆ పని చేసేవాళ్లంతా రైళ్లెక్కి సొంతూళ్లకు పోయారు. మా నాయనమ్మ కొంగు దోపుకుని తనే కూర్చుంది. పోగులు అందించడానికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

కాసేపు బాగానే అందించాను. ఇంతలో ఫోను మోగింది, తల తిప్పాను. మళ్లీ చూసేసరికి ఏ పోగు ఇచ్చానో, ఏది ఇవ్వాలో తెలియలేదు. భయపడి చేతికి దొరికింది ఇచ్చేశాను. కొంత దూరం పోయాక నాయనమ్మ వేళ్లు ఆగాయి. పోగులు ఒకదాని మీదుగా ఒకటి పడ్డాయి. అలాగే సాంచె ఆడిస్తే పటపటా తెగిపోతాయి. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం తిట్టకుండా, తప్పు పడ్డచోటి దాకా అన్నీ విప్పింది.

"మనసన్నాక పోతది బిడ్డా. నాది పోదా? పొయ్యేముందు గుర్తువెట్టి పోవాలె," అంటూ పాత చీర అంచు నుంచి ఎర్ర పీలిక చింపి నా చేతికిచ్చింది.

ఎవరు పిలిచినా ముందు పోగుకు పీలిక కట్టాలి, ఆ తర్వాతే తల తిప్పాలి. తిరిగొచ్చాక గుర్తు దగ్గరే మొదలుపెట్టకూడదు. దానికి కాస్త వెనక అతికిన పోగుల్ని వేళ్లతో తడుముకుంటూ వచ్చి, చెయ్యి పనిలో పడ్డాక ముందుకు పోవాలి. ఇదీ ఆమె పద్ధతి. నాన్న చాయ్‌కి పిలిచాడు, కట్టాను. పిల్లి వచ్చింది, కట్టాను. కట్టీ విప్పీ విసుగెత్తి, ఆఖరికి పిల్లి పక్కనే కూర్చుని అరిచినా అటు చూడలేదు. ఈ పని అయ్యేదాకా లేచేది లేదని పంతం పట్టాను. పొద్దుగూకే వేళకు చివరి పోగు అందించాను.

మర్నాడు సాంచె చప్పుడుకు గోడలు అదురుతుంటే, ఆ చప్పుడులోనే నా క్లాసు విన్నాను. అమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

అది జరిగి యాభై ఏళ్లు దాటింది, ఇప్పుడు నాకు అప్పటి నాయనమ్మ వయసు. వంటింట్లోకి ఎందుకొచ్చానో మరిచిపోతాను, మనవరాళ్లు పకపకా నవ్వుతారు. నవ్వనీ. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చుని ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు. లేచిన ప్రతిసారీ కాగితం మీద ఎర్ర పీలిక పెట్టే లేచాను. తిరిగొచ్చి, కాస్త పైనుంచి చదువుకుని, మళ్లీ కలం పట్టాను. చూశారుగా, పూర్తి చేశాను.