ఆకుల్లోకి వదిలిన రాయి

నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, నూజివీడు బస్టాండు దగ్గర ఒక కూల్‌డ్రింకుల కొట్లోకి వీడియో గేమ్ పెట్టె వచ్చింది. చూడ్డానికి మా ఇంట్లో బీరువాకి అన్నలా ఉండేది. దాని మోత విని బస్సులు సిగ్గుపడి హారన్ కొట్టడం మానేశాయని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. అద్దంలో పైనుంచి వరసకట్టి విమానాలు దిగుతాయి. కనపడ్డదాన్నల్లా మీట నొక్కి పేల్చెయ్యాలి. ఆలస్యం చేస్తే మనమే పోతాం. నేను కూల్చిన విమానాలు నిజమైనవైతే ఆ ఇనుముతో కృష్ణ మీద ఇంకో వంతెన కట్టొచ్చు.

నా పరాక్రమాన్ని మా నాయనమ్మ మాత్రం మెచ్చుకోలేదు. ఆడి వచ్చాక నా పిడికిళ్ళు ఓ పట్టాన విడివడేవి కావు. అన్నం ముందు కూర్చున్నా వేళ్ళు కంచం మీద టకటకలాడేవి. అది చూసి ఒకరోజు, "ఒరే, ఆ పెట్టె ముందు నిలబడ్డవాడు ఎప్పటికైనా మనిషిని చంపుతాడ్రా" అంది. ఆవిడ అన్నమాట జరగక మానదని మా వీధంతా నమ్మకం. వాన కూడా ఆవిణ్ణి అడిగే కురిసేది. నేను పైకి నవ్వానుగానీ ఆ రాత్రి నా చేతుల్ని దిండు కింద దాచి పడుకున్నాను.

ఆ ఎండాకాలం మా నాన్న రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోట కాపు కొన్నారు. కాయల్ని పొడిచే చిలకల్ని తోలే పని నాకు అప్పజెప్పారు. చేతిలో ఉండేలు, జేబుల నిండా గులకరాళ్ళు. ఒక మధ్యాహ్నం, గాలి కూడా భోంచేసి పడుకున్న వేళ, ఒక చెట్టు చిటారున ఆకులు కదిలాయి. చూడటం, లాగడం, వదలడం మూడూ ఒక్కసారే అయిపోయాయి. నా వేలు నాకన్నా ముందే వెళ్ళిపోయింది.

ఆకుల్లోంచి చిలక అరుపు రాలేదు. "అమ్మా" అని ఒక మనిషి మూలుగు వినిపించింది. ఆ వెంటనే కాయలు కోసే గెడ, చివర కట్టిన చిక్కంతో సహా, కొమ్మకొమ్మకీ తగులుకుంటూ వచ్చి నా కాళ్ళ ముందు పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అంత నిశ్శబ్దం నేను మళ్ళీ ఎప్పుడూ వినలేదు. నాయనమ్మ మాట జరిగిపోయింది, నేను మనిషిని చంపేశాను అనుకున్నాను. పారిపోదామంటే కాళ్ళు ఆ చెట్టుతోపాటే నాటినట్టు కదలలేదు.

ఎంతసేపటికో మా తోటల్లో కాయలు కోసే బాబాయి మెల్లగా దిగి వచ్చాడు. నేను పుట్టకముందు నుంచీ మా నాన్న దగ్గర పనిచేస్తున్న మనిషి. కనుబొమ్మ పైన చిట్లి నెత్తురు చెంప మీదికి కారుతోంది. ఇంకొంచెం కిందికి తగిలితే కన్ను పోయేది. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

"కేకెయ్యలేదేం బాబూ" అన్నాడు.

మా వైపు కోతల రోజుల్లో ఉండేలు ఎత్తేవాడు ముందు "చెట్టు మీదెవరు" అని కేక వేసి, బదులు కోసం ఆగాలి. ఉయ్యాల్లో పిల్లలకు కూడా తెలిసిన నియమం అది.

"మర్చిపోయా బాబాయ్. బస్టాండు పెట్టెలో కేకలుండవు. ఆగితే వాళ్ళే మనల్ని కొట్టేస్తారు."

"మరి దెబ్బ తగిలినోడు ఏమవుతాడేంటి?"

"మాయమైపోతాడు."

"బాగానే ఉంది. నేను మాయమవలేదు, ఏం చేద్దాం." తలగుడ్డ నుదుటికి అదుముకుని, నా చేతిలోంచి ఉండేలు తీసుకున్నాడు. "నువ్వెక్కు. ఆకుల్లో కూర్చో. కింద నేనుంటా. నోరు మెదపమాక."

ఎక్కాను. ఆకుల సందుల్లోంచి కింద ఏమీ కనపడటం లేదు. రాయి ఎటునుంచి వస్తుందో తెలియదు. కన్ను మూసుకుంటే నుదుటికి తగులుతుందేమో, నుదురు దాచుకుంటే మెడకి తగులుతుందేమో. చీమ పాకి ఆకు కదిలితే నన్ను పట్టిచ్చేస్తోందని దానికి దణ్ణం పెట్టాను. ఊపిరి బిగబట్టి బిగబట్టి నా పదకొండేళ్ళ వయసు ఆ కొమ్మ మీదే అరవై దాటింది. చివరికి ఆగలేక, "బాబాయ్, నేనున్నా, కొట్టమాకు" అని ఏడ్చేశాను.

బదులు దూరంగా నీళ్ళ మోటారు దగ్గర్నుంచి వచ్చింది. "దిగు బాబూ. నేనిక్కడ మొహం కడుక్కుంటన్నా."

ఉండేలు చెట్టు మొదట్లో పడి ఉంది. ఆయన దాన్ని ఎత్తనేలేదు. దగ్గరికి వెళితే తడిచేత్తో నా కళ్ళు తుడిచి, "భయమేసిందా? నాక్కూడా అంతే ఏసింది" అన్నాడు. సాయంత్రం మా నాన్న అడిగితే కొమ్మ గీసుకుందని చెప్పాడు. నేను అరుగు మీద నిలబడి, ఇంక చెప్పేస్తాడు, ఇంక చెప్పేస్తాడు అని ఆయన వెళ్ళిపోయేదాకా వణుకుతూనే ఉన్నాను.

ఆటలు పిల్లల్ని క్రూరుల్ని చేస్తాయా అని ఇప్పుడు టీవీలో పెద్దలు కొట్టుకున్నంత పని చేస్తున్నారు. నాకు తెలియదు. ఆ పెట్టె నాకు పగ నేర్పలేదు, తొందర నేర్పింది. ఉండేలు మాత్రం నేనే లాగాను. అందుకే మా అబ్బాయి ఫోన్లో యుద్ధాలు చేస్తుంటే మాన్పించను. అయ్యాక వాడి వేళ్ళు మామూలు వేళ్ళయ్యేదాకా పక్కన కూర్చుని ఏదో ఒకటి వాగుతాను.

నా సంగతంటారా, ఎవరిమీదైనా కోపం నోటిదాకా వచ్చినప్పుడు ముందు ఒళ్ళు ఒకసారి వణుకుతుంది. అది తగ్గాకే మాట్లాడతాను. మా ఆవిడ నన్ను శాంతమూర్తి అని నలుగురిలో పొగుడుతుంది. అదంతా వట్టి భయమని ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.