అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గరే

జెద్దాలో నేను పనిచేసే ఇంటి మేడమ్ బడిలో టీచరు. ఆమె పాత ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికే పావుగంట పట్టేది. కొత్త విండోస్ దీనికి ఎక్కదని షాపువాళ్లు చెప్పారట. చెత్తలో పడేయమని నా చేతికిచ్చింది.

పడేయలేకపోయాను. మదనపల్లెలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో మూడేళ్లు పాఠాలు చెప్పినదాన్ని. అది మూతపడ్డాకే ఇక్కడికొచ్చాను. ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు ఇఖామాలో ఇంటిపని అని ఉంది కాబట్టి నా చదువు సంగతి ఎవరూ అడగలేదు.

"మేడమ్, దీంట్లో విండోస్ బదులు లినక్స్ వేస్తే నడుస్తుంది. నేను వేస్తాను" అన్నాను, నాకొచ్చిన అరబ్బీలో.

"నువ్వా?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే ఆశ్చర్యం. "సరే, వెయ్యి. అన్నట్టు, దాంట్లో నా పాఠాలున్నాయి, అవి మాత్రం పోకూడదు."

ఇంటి డ్రైవరుది జగిత్యాల వైపు. రెండు పెన్‌డ్రైవ్‌లు తెచ్చిస్తూ, "ఎందుకు చెల్లే నీకీ లొల్లి? ఖరాబైతే మన మీదనే పడ్తది" అన్నాడు.

"పారేసేదే కదన్నా, ఇంకేం ఖరాబయితాది?" అన్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మేడమ్ పాఠాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కొక్కటీ తెరిచి చూసుకున్నాను. రెండోదాంట్లో లినక్స్ పెట్టి మొదలుపెట్టాను. డిస్కు మొత్తం తుడిచేయమంటారా అని అడిగినప్పుడు వేలు ఆగింది. పాఠాలు మరోసారి చూసుకుని, నొక్కేశాను.

అరగంటలో అయిపోయింది. కానీ వైఫై రాలేదు; దాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్ లేదు, దాన్నే డ్రైవర్ అంటారు. "డ్రైవర్ కావాలంటాందన్నా" అన్నాను, గుమ్మంలో నిలబడి చూస్తున్న డ్రైవరన్నతో.

"నేనీడనే ఉన్న గదా!" అన్నాడాయన. ఇద్దరం పడీపడీ నవ్వాం.

లినక్స్‌తోపాటే వచ్చే డ్రైవర్ మేనేజర్ తెరిచి, నా ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి నెట్ ఇచ్చాను. కావలసినది అదే వెతికి తెచ్చుకుంది. సెట్టింగ్స్‌లో అరబ్బీ కీబోర్డు కలిపాను. ప్రింటర్‌ను అడగకుండానే పట్టుకుంది. అప్‌డేట్ మేనేజర్ నడిపి, పాఠాలు తిరిగి ఎక్కించి, మేడమ్ పేరుతో ఒక ఖాతా తెరిచాను.

సాయంత్రం ఆమె మీట నొక్కింది. టీ పోసుకునేలోపే తెర తెరుచుకుంది. తన పాఠాలు చూసుకుని, ఒక పేజీ ప్రింటు తీసి, "మాషా అల్లా" అంది.

"కొత్తవేవైనా ఎక్కించాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి మేడమ్. మీరే పెట్టుకోండి" అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ మూసి నా వైపు జరిపింది. "నేను మర్చిపోతాను. నీ దగ్గరే ఉంచు. దీనికి ముదీరా నువ్వే." అంటే, దాని మీద పెత్తనం నాదేనని.

ఆ మాటతో నా వెన్ను దానంతటదే నిటారైంది. సెంటర్‌లో పిల్లలు మేడమ్ అని పిలిచినప్పుడు కూడా అంత గర్వపడలేదు.

తర్వాతి వారం ఆమె బడిలోని ఇంకో టీచరు తన ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. నేను అరబ్బీ కాఫీ ఖహ్వా ట్రే పెట్టి వెనక్కి తిరిగేసరికి, మేడమ్ తన పక్క కుర్చీ లాగి, "కూర్చో, నువ్వే చూడాలి" అంది.