దుప్పటి మీద అక్క నీడ

పళ్ళన్నీ తీయించుకున్న రోజు నుంచి మా అక్క ఫొటోకు నిలబడటం మానేసింది. కట్టుడు పళ్ళు రావడానికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. మా చర్చి స్త్రీల సమాజం యాభయ్యేళ్ల జ్ఞాపక సంచికేమో సోమవారమే ప్రెస్సుకు వెళ్తుంది. సమాజాన్ని మొదలుపెట్టిన ఆరుగురిలో ఇప్పుడున్నది అక్క ఒక్కతే. మిగతా అయిదుగురి ఫొటోలూ వాళ్ల ఇళ్ల నుంచి వచ్చేశాయి. అక్క పాత ఫొటోలు మాత్రం, పెనుగొలనులో వాళ్ల ఇల్లు కురిసిన ఏడాది తడిసి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"సంచికలో నా ఫొటో గడి ఖాళీగా వదిలెయ్యమను. కింద పేరుంటుందిగా," అంది అక్క.

నేను ముప్పై నాలుగేళ్లు బళ్లో లెక్కలు చెప్పినదాన్ని. ఆరు గడుల్లో అయిదే నిండితే నాకు అన్నం సహించదు.

రిటైరయ్యాక ఫోనుతో నీడలు తీయడం నాకో పిచ్చి. తిరువూరులో మా డాబా మీద తెల్ల దుప్పటి ఆరేసి, అవతల ఎండలో మనిషిని నిలబెట్టి, ఇవతల నుంచి తీస్తాను. దుప్పటికి నాలుగడుగుల దూరంలో నిలబడితే నీడ అంచులు అలుక్కుపోతాయి. అడుగు దూరంలో అయితే కత్తిరించినట్టు వస్తాయి. టేపు పెట్టి కొలిచి రాసుకున్నాను.

శనివారం సాయంత్రం అయిదుంబావుకి అక్కను నిలబెట్టాను. అయిదూ ముప్పై మూడుకి పక్కింటి ట్యాంకు నీడ దుప్పటిని కమ్మేస్తుంది. చేతిలో ఉన్నవి పద్దెనిమిది నిమిషాలు.

"నీడే కదక్కా, పళ్ళెవరికి కనపడతాయి? పక్కకు తిరుగు."

తిరిగింది. తీసి చూపించాను. కొప్పు బాగుంది, ముక్కు బాగుంది. పెదాలు మాత్రం లోపలికి పోయి, గడ్డం ముక్కును అందుకోబోతోంది.

"ఏమే, పళ్ళు కనపడవన్నావు. లేవన్న సంగతి ఊరంతటికీ కనపడేట్టు తీశావుగా!"

ఎదురుగా తిప్పితే గుమ్మడికాయలా వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుంటే పంటినొప్పి మనిషిలా ఉంది. కొంగు అడ్డం పెట్టుకుంటే దొంగలా ఉంది. పది ఫొటోలయ్యాయి, పద్నాలుగు నిమిషాలయ్యాయి.

"నీ దుప్పటికో దండం," అంటూ అక్క మెట్ల వైపు కదిలింది.

"అక్కా, ఆ ఆరుగురిలో నీ పనేంటి?"

"పాట ఎత్తడం."

"అయితే ఎత్తు."

"పళ్ళు లేకుండా పాడితే గాలే వస్తుందే."

"ఫొటోలో గాలి వినపడదులే."

నవ్వుకుని వెనక్కి వచ్చి నిలబడింది. పక్కకు తిరిగి కీర్తన ఎత్తింది. గడ్డం కిందికి దిగింది, పెదాలు తెరుచుకున్నాయి, చెయ్యి తాళానికి లేచింది. ట్యాంకు నీడ ఆమె నడుం దాకా ఎక్కుతుండగా పదకొండోది తీశాను.

అక్క ఫోనును దగ్గరగా, తర్వాత దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇది నేనే. దీన్ని పంపు. మిగతా పదీ నా కళ్లముందే తీసెయ్."

లెక్కపెట్టి తీసేశాను. ఆరో గడి నిండింది.

ఇరవై మూడో రోజున అక్క కొత్త పళ్ళు పెట్టుకుని వచ్చి, "ఇప్పుడు రంగుల్లో తియ్యి," అంది. తీశాను. చాలాసేపు చూసింది.

"పర్లేదు," అంది. "ఇంతకీ ఆ దుప్పటి ఎక్కడుందే?"