కంచె దగ్గర నీలం బేసిన్

తాయిఫ్‌లో పదకొండేళ్ళుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. చాలామంది పేషెంట్లు తిట్టారు గానీ అబూ నాసర్ తిట్టినట్టు ఎవరూ తిట్టలేదు. షుగరు వల్ల పాడైన కాలివేలు తీయించుకోడానికి 2007 వేసవిలో మా వార్డులో చేరిన పెద్దాయన ఈయన. ఆపరేషన్ రోజు పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళిమ్మని బతిమాలాడు. ఇవ్వలేదు సరికదా, మంచం పక్కనున్న సీసా కూడా ఎత్తుకెళ్ళిపోయాను. "నీ గుండె రాయి" అన్నాడు. కోలుకున్నాక మాత్రం మాకు మంచి స్నేహం కుదిరింది. ఎడారిలో కంచె వేసిన ఒక అభయారణ్యానికి ఆయన కాపలాదారు. అక్కడ అరేబియా ఒరిక్స్ అనే పొడవు కొమ్ముల తెల్ల జింకలుంటాయి. ముప్పై ఏళ్ళ కిందట వేటగాళ్ళ చేతుల్లో బయట ఒక్కటీ మిగల్లేదట. బోనుల్లో బతికినవాటిని పెంచి, వాటి పిల్లల్ని మళ్ళీ ఇసుకలోకి వదిలారట. "మీ దేశంలో ఒంటికొమ్ము ఖడ్గమృగాన్ని ఇలాగే కాపాడుకున్నారటగా, ఎలా ఉంటుంది?" అని ఒకరోజు అడిగాడు. మాది కాకినాడ దగ్గర పల్లె, నేను దగ్గర్నుంచి చూసినవి గేదెలే. ఆ మాటే చెప్పాను. నవ్వి, "అయితే ముందు మావాటిని చూద్దువుగాని రా" అన్నాడు. ఈ ప్రయాణం అలా మొదలైంది.

నెలన్నర తర్వాత ఆయన అనుమతి కాగితం పంపించాడు. మా ఆయన సుధాకర్, నేను ఎవరి కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, వాళ్ళం ప్రయాణానికి లెటర్లు రాయించుకున్నాం. నివాస కార్డు ఇకామాతో పాటు ఆ లెటరు కూడా లేకపోతే చెక్‌పోస్టు నుంచి వెనక్కి రావలసిందే. బండి మస్తాన్‌ది. కడప మనిషి, సోమవారం, గురువారం కాపలాదారుల క్యాంపుకి సరుకులు వేస్తాడు. రానూపోనూ నూటయాభై రియాళ్ళకి ఒప్పుకున్నాడు. గురువారం పొద్దున ఫజర్ నమాజు చేసుకుని ఐదింటికి వచ్చాడు, రియాద్ హైవే ఎక్కాం. గంటన్నర పోయాక పెట్రోలు బంకు పక్క హోటల్లో వేడి వేడి తమీస్ రొట్టె, చిక్కుడు గింజలు ఉడికించి చేసిన ఫూల్ తిన్నాం. ముగ్గురికీ తొమ్మిది రియాళ్ళు. "ఇంకో రొట్టె తీసుకోండి బాజీ, ముందుకెళ్తే ఏమీ దొరకదు" అని పాకిస్తానీ వంటాయన ఉర్దూలో చెప్పాడు. మా ఆయన ఆ సలహాని రెండుసార్లు పాటించాడు.

హైవే దిగాక గతుకుల దారి. ఏడున్నరకి కంచె కనబడింది. దాని వెంటే కొంతదూరం వెళ్ళి మస్తాన్ బండి ఆపాడు. కంచెకి అవతల, ఆ ఎండలో, ఒక తెల్ల జింక ఒంటరిగా నిలబడి ఉంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు. మమ్మల్ని చూసి పారిపోలేదు, ఇంకో రెండడుగులు ముందుకే వేసింది.

"నాకోసరమే సూస్తాండాదక్కా" అన్నాడు మస్తాన్ మురిసిపోతూ. వెనకనుంచి నీలం బేసిన్ తీసి, కంచె కిందనుంచి లోపలికి తోసి, క్యాన్‌తో నీళ్ళు పోశాడు. "వానల్లేవు గదా. రెండు నెల్ల నుంచీ పోస్తాండా. నోరులేనిదానికి నీళ్ళు పోస్తే ఎంత సవాబు, ఎంత పుణ్యం!"

అది తలవంచి తాగుతుంటే నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. నా సీసాలో నీళ్ళు కూడా వంపేశాను. మా ఆయన ఫొటోలు తీశాడు. మస్తాన్ బేసిన్‌కి కట్టిన తాడు లాగి దాన్ని మళ్ళీ బండిలో పెట్టుకున్నాడు.

క్యాంపులో అబూ నాసర్ కర్ర ఊతంతో ఎదురొచ్చాడు. ఖహ్వా కాఫీ, ఖర్జూరాలు అయ్యాక తన పని చూపించాడు. కంచె లోపలి వైపు దారిమీద రోజూ పొద్దున బండికి పాత టైరు కట్టి ఈడుస్తారు. ఇసుక అలికిన నేలలా చదునవుతుంది. మర్నాడు దానిమీద ఎవరి అడుగులుంటే వాళ్ళ కథ తెలుస్తుంది.

"ఒక కథ మాత్రం నాకు నచ్చలేదు" అన్నాడు. "ఒక తల్లి రోజూ కంచె దగ్గర ఒకేచోట నిలబడుతోంది. పిల్లని దూరంగా తుమ్మచెట్టు కింద దాచిపెట్టింది. పొద్దంతా ఎండలో నిలబడితే మేసేదెప్పుడు, పాలెక్కడివి? కరువులో ఇవి చచ్చేది చెట్ల కింద కాదు, కంచె దగ్గరే." కర్రతో ఇసుకలో ఒక పెద్ద సున్నా గీశాడు. "నేను ఆస్పత్రినుంచి వచ్చాక అక్కడ ఇంత గుండ్రటి అచ్చు చూశాను. ఇది ఏ జంతువు అడుగు?"

మస్తాన్ మొహం పాలిపోయింది. ఆయన ఒక్కమాట పైకి పంపితే బండి లోపలికి రానివ్వరు, ఉద్యోగం పోతుంది. మా ఆయన నన్ను చూశాడు, నేను నేలను చూశాను. మస్తానే లేచి అరబ్బీలో అంతా చెప్పేశాడు. చివర్లో గొంతు పెరిగింది. "దాహమైన జీవానికి నీళ్ళు పోయడం తప్పెట్లయితాది?"

అబూ నాసర్ కోప్పడలేదు. "దానికి ఆకుల్లో తేమ చాలు. నువ్వు దాహం తీర్చలేదు, ఎదురుచూడడం నేర్పావు" అన్నాడు. తర్వాత నావైపు చెయ్యి చూపించాడు. "ఈ సిస్టర్‌ని అడుగు. నేను ఏడ్చి అడిగినా నీళ్ళివ్వలేదు. ఇచ్చుంటే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవాణ్ణట, తర్వాత డాక్టరు చెప్పాడు."

దుర్భిణిలో పిల్లని చూపించాడు. గోధుమరంగు, మేకపిల్లంత. తల ఎత్తి చుట్టూ చూసి మళ్ళీ నేలకి ఆనించింది. నాకు ఏడుపు ఆగలేదు.

మూడింటికి తిరుగుప్రయాణం. తల్లి అక్కడే ఉంది. మా బండి చప్పుడు విని కంచెదాకా వచ్చింది. మస్తాన్ వేగం తగ్గించాడు.

"ఆపకు మస్తానూ" అన్నాను. నా గొంతు వార్డులో గొంతే.

"ఒక్క గుక్కక్కా..."

"నీ కాళ్ళు పట్టుకుంటాను, పోనియ్యి."

పోనిచ్చాడు. అద్దంలో చూడకుండా ఉండడానికి మెడ బిగించి కూర్చున్నాడు.

నర్సుగా నేనెప్పుడూ కాదనడం సులువే అనుకునేదాన్ని. పేషెంటుకి తర్వాత చెప్పుకోవచ్చు, ఎందుకు ఇవ్వలేదో వివరించవచ్చు. ఆ తల్లికి ఎవరు చెబుతారు? దాని లెక్కలో మేం రాతిగుండె వాళ్ళమే, ఎప్పటికీ. అంతరించిపోయిన జాతిని వెనక్కి తెచ్చినవాళ్ళు ఇలాంటి తిట్లు ఎన్ని మోశారో అనిపించింది. మీరూ వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: మనిషికి ఐదు లీటర్ల చొప్పున నీళ్ళు పెట్టుకోండి, అవి మీరే తాగండి, కంచె దగ్గర ఏది మీకోసం చూస్తున్నా బండి ఆపకండి. అబూ నాసర్ పైకి చెప్పలేదు, మస్తాన్ పని పోలేదు. రెండో గురువారం క్యాంపునుంచే ఫోన్ చేశాడు. "నాలుగు దినాలు వచ్చి నిలబడిందంటక్కా. ఐదో దినం నుంచి కంచె కాడ ఇసక మింద ఒక్క అడుగూ లేదు. తుమ్మచెట్టు కాడ పెద్ద అడుగుల పక్కన సిన్న అడుగులుండాయి, నేనే సూసినా." చివర్లో అన్నాడు: "నన్ను మర్సిపోయిందక్కా. అల్హందులిల్లా."