తిరువూరు గోనెపట్టాలు, హైదరాబాదు చిల్లుల నేల

మా చెల్లెలు సరోజిని గిన్నెలన్నీ సర్దేసి, బియ్యం డబ్బా మీద కూర్చుని నన్ను హైదరాబాదుకు తరిమింది. ఈ ప్రయాణానికి అంతకు మించిన గొప్ప కారణమేమీ లేదు. దాని మొగుడు సుబ్బారావు మా తిరువూరులో ధాన్యం గోడౌనుకు చాలా ఏళ్ళు కాపలా కాశాడు. ఆమధ్య హైదరాబాదులో ఓ పెద్దాఫీసులో కంప్యూటరు గదికి వాచ్‌మన్‌గా కుదిరాడు. ఉద్యోగం తాత్కాలికం. పర్మనెంటు చేస్తారో, ఇంటికి పంపుతారో ఈ వారంలో తేలాలి. చేస్తే కాపురం హైదరాబాదుకు మారుతుంది. లేకపోతే సర్దిన గిన్నెలు మళ్ళీ గూట్లోకి ఎక్కుతాయి.

“నీ కళ్ళతో చూసిరా అన్నయ్యా. అక్కడ మాత్రం నీ వేషాలెయ్యకు” అంది.

“నేనేం వేషాలేస్తానే?”

“మా మావగారి పొడుం డబ్బీలో మిరియాల పొడి పోసిందెవరు?”

ఇలాంటి విషయాల్లో ఆడవాళ్ళ జ్ఞాపకశక్తి అమోఘం. సంచిలో ఆవకాయ జాడీ పెట్టుకుని బయల్దేరాను.

మన వైపు నుంచి హైదరాబాదు వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామున బెజవాడ బస్సు పట్టుకోవాలి. మైలవరం మీదుగా వెళుతుంది. మామిడికాయల రోజులు కాబట్టి దారి పొడుగునా బుట్టలు ఎక్కుతాయి, మనుషులు వాటి మధ్య సర్దుకోవాలి. కొందరు తెలివైనవాళ్ళు ఇబ్రహీంపట్నంలో దిగి హైదరాబాదు బస్సు ఆపుతారు. ఆ తెలివికి ఫలితం సూర్యాపేట దాకా నిలబడటమే. నేను బెజవాడ వెళ్ళి, పెసరట్టు తిని, కిటికీ పక్క సీటు చూసుకుని కూర్చున్నాను. టికెట్టు మరీ భారం కాదు, ఇరవై రూపాయల లోపే.

నా పక్కన గంపలగూడెం రైతు ఒకాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే కంప్యూటరు చూడటానికని చెప్పాను. “మనిషి ఎదురుగా నిలబడితే చాలండి, దాచిపెట్టిందంతా చెప్పేస్తుంది” అన్నాను, మొహం గంభీరంగా పెట్టి.

ఆయన బీడీ ఆర్పి తాపీగా చూశాడు. “దానికోసం అంత దూరం ఎందుకండీ? మా ఇంట్లో ఉందొకటి. కట్టుకుని ముప్పై ఏళ్ళయింది.”

కోదాడ దాకా నేను కిటికీలోంచి మైలురాళ్ళు లెక్కపెట్టుకున్నాను. సూర్యాపేటలో భోజనానికి ఆపారు. సాంబారులో ముక్క దొరికిన వాళ్ళు అదృష్టవంతులు. సాయంత్రం పొద్దు వాలకముందే గౌలిగూడ బస్టాండులో దిగి రిక్షా ఎక్కాను.

ఆఫీసు గుమ్మంలో ఖాకీ బట్టల్లో సుబ్బారావు ఎదురొచ్చాడు. “రా బావా, సమయానికొచ్చావు. పెద్దసారు లోపలే ఉన్నారు. నా సంగతి ఇయ్యాళో రేపో తేలిపోద్ది” అంటూ నా చెప్పులు విప్పించాడు. లోపలికి దుమ్ము పోకూడదట.

బయట మే నెల, లోపల మాఘమాసం అని విన్నాను గానీ నాకలా అనిపించలేదు. తలుపు దగ్గర చల్లగానే ఉంది. ఇనప బీరువాల్లాంటి మిషన్ల దగ్గరికి వెళ్ళేకొద్దీ ఉక్కపోత. నడుస్తుంటే నేల కింద డొల్లగా చప్పుడవుతోంది.

“కిందెవర్ని పాతిపెట్టారయ్యా?” అన్నాను.

“ఎవర్నీ లేదు బావా. అసలు నేల కింద ఎక్కడో ఉంది. దానిమీద పొట్టి కాళ్ళేసి పలకలు పేర్చారు. మనం ధాన్యం బస్తాల కింద దుంగలెయ్యమా, చెమ్మ తగలకుండా? ఇదీ అంతే.” గొంతు తగ్గించాడు. “కానీ బావా, పనోళ్ళు తిన్నగా చెయ్యలేదు. మిషను ముందర పలకలకి చిల్లులు వదిలేశారు. ఎలకలు రావూ? పొద్దున్నే మన పద్ధతిలో మూసేశా. సారు చూస్తే ఎంత సంతోషిస్తారో.”

మన పద్ధతి తెలియని తిరువూరు మనిషి ఉండడు. గోడౌనులో చిల్లు కనిపిస్తే గోనెపట్టా కుక్కుతాం. ఇక్కడ కుక్కడానికి వీల్లేక, పట్టాలు నాలుగు మడతలు పెట్టి వరసగా పరిచి, అంచుల మీద కాగితాల కట్టలు బరువు పెట్టాడు. చాలా శుభ్రమైన పని. నేనూ భుజం తట్టాను.

అక్కడ మిషన్ల ముందు ముగ్గురున్నారు. పెద్దసారు, చెమటలు కక్కుతున్న ఇంజనీరు, శాలువా తీసి కుర్చీకి తగిలించిన ఆపరేటరమ్మాయి. మధ్యాహ్నం నుంచి మిషను వేడెక్కి ఆగిపోతోందట. ఇంజనీరు ఏసీని తిడుతున్నాడు. ఏసీ మాత్రం బాగానే తిరుగుతోంది.

నేనొక పట్టా పక్కన నిలబడ్డాను. మధ్యలో అది పూరీలా ఉబ్బుతోంది, తగ్గుతోంది. అలాంటిది కనపడితే నా కాలు ఆగదు. బరువు పక్కకు జరిపి పట్టాను కాలితో తోశాను. కిందనుంచి చల్లగాలి రివ్వున లేచి నా పంచెలోకి దూరి గొడుగులా విప్పింది. రెండు చేతులతో అణచుకునేలోపే ఆ అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుని నవ్వేసింది.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. పట్టాల వరస వైపు చూసి, “ఇవి కాళ్ళు తుడుచుకోడానికి కాదా? ఎవరు వేశారివి?” అన్నాడు.

నా కళ్ళ ముందు సరోజిని గిన్నెలు కదిలాయి. నేనే వేశానందామంటే, అప్పుడే ఊడిపడ్డవాణ్ణి. ఏదో ఒకటి అతికిద్దామని నోరు తెరిచేలోపే సుబ్బారావు ముందుకొచ్చాడు.

“నేనేనండి. ఎలకలొస్తాయని.”

ఇంజనీరు రబ్బరు గిన్నెలున్న పిడి ఒకటి తెచ్చి, పలకకు అంటించి పైకి లేపాడు. కింద మోకాలి లోతు ఖాళీ. అందులో జడల్లా కట్టిన వైర్లు. “మిషన్లకు కరెంటూ, ఒకదానికొకటి మాట్లాడుకునే తీగలూ ఇలా వెళతాయి. కాళ్ళకడ్డం రావు, మార్చాలంటే పలక తీస్తే చాలు. ఏసీ చల్లగాలిని ఈ ఖాళీలోకి తోస్తుంది. అది చిల్లుల్లోంచి లేచి మిషన్లను చల్లబరుస్తుంది. నువ్వు దాని ముక్కు మూశావు” అన్నాడు.

పట్టాలన్నీ తీశాక గది చల్లబడటం మొదలైంది. పెద్దసారు సుబ్బారావు వైపు తిరిగాడు. “సగం రోజు పని పోయింది. ఇప్పుడు నువ్వు చెప్పు. ఈ నేల ఎందుకు?”

సుబ్బారావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. “ఇడ్లీ పాత్ర లాంటిదండి. అందులో కిందనుంచి ఆవిరి చిల్లుల్లోంచి పైకొచ్చి ఇడ్లీని ఉడికిస్తది. ఇక్కడ చల్లగాలి పైకొచ్చి మిషను ఉడక్కుండా చూస్తదండి. నేను చిల్లులు మూశా. మిషను ఉడికింది.”

ఆపరేటరమ్మాయి మళ్ళీ కప్పుకున్న శాలువా నోటికి అడ్డం పెట్టుకుంది. సారు వంగి ఆ చిల్లుల మీద చెయ్యి పెట్టి చూశాడు. “వచ్చిన ప్రతి పెద్దమనిషీ ఈ నేలేంటని అడుగుతాడు. నేను అరగంట చెబుతాను, తలూపి వెళ్ళిపోతాడు. రేపటినుంచి నువ్వే చెప్పు, ఇలాగే. నీ ఉద్యోగం కాగితం మీద ఆ సంగతి రాసి పైకి పంపిస్తాను.”

“పర్మనెంటా సార్?” అన్నాను నేను, ఆగలేక.

“మీరెవరు?”

“వాళ్ళావిడకి అన్నయ్యనండి. గాలి బాగా వస్తోందో లేదో చూడటానికి వచ్చాను.”

“చూశారుగా” అన్నాడు సారు, నా పంచె వైపు ఓ చూపు చూసి. “మీ చెల్లెల్ని సామాను పంపించమనండి.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. సుబ్బారావు చేసింది తెలివితక్కువ పనేమీ కాదు. మన గోడౌనులో అయితే శభాష్ అనేవాళ్ళు. చోటు మారితే చిల్లు అర్థం మారుతుంది, అంతే. ఆ మాట అతనికి ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. నేనైతే అడక్కపోగా భుజం కూడా తట్టాను. ఎనిమిదో తరగతితో ఆగిన నా చదువుకు ఆ పలక కింద మరో అర తరగతి కలిసింది. ఇక ఆ గది చూడటానికి వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా: ఎంత ఎండాకాలమైనా పంచె కట్టుకుని వెళ్ళకండి, ప్యాంటు వేసుకోండి.